ధోతి మీద చుక్క పడలేదు

నలభై రెండేళ్లలో ఈ చేత్తో బిగించిన నట్టు ఒక్కటంటే ఒక్కటి చుక్క కార్చలేదు. నమ్మకం లేకపోతే కరీంనగర్ చుట్టూ ఉన్న గుట్టలను అడగండి. వాటిలో సగం నేను పైపులు బిగించిన మిషన్లతోనే చీలి, పలకలై, ఓడలెక్కి దేశాలు పోయాయి. మిగిలిన సగం ఈ హనుమండ్లు వస్తున్నాడనగానే వాటంతట అవే చీలాయి.

ఈ సంగతి ముందుగా చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే ఈ క్షణాన మా అల్లుడు లింగారావు మీసం కొస నుంచి బొట్టుబొట్టుగా కారుతున్నది ఇంజను ఆయిలు.

వాకిట్లో ఏడుగురం ఉన్నాం.

లింగారావు భార్య నిర్మలాదేవి, అంటే నా మేనకోడలు, హారతి పళ్లెం పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది. పళ్లెంలో దీపం లేదు. నల్లటి మడుగు ఉంది. ఆమె కొడుకు విక్రాంత్ కళ్లద్దాలు తీశాడు. కళ్ల చుట్టూ రెండు గుండ్రాలు తప్ప మనిషంతా నలుపే. ఆదిలాబాద్ నుంచి పొద్దున్నే దిగిన పత్తి వ్యాపారి భానుప్రసాద్ తన తెల్ల అంగీ వంక చూసుకుంటున్నాడు. అది తెల్ల అంగీ అని నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

"కాయ్ ఝాలా?" అన్నాడతను. "కాయ్ ఝాలా రే బాబా?"

ఏమైందని అడగడం అది. భయమేస్తే భానుప్రసాద్‌కు తెలుగు పోయి మరాఠీ వస్తుంది.

తెరిచిన బానెట్ పక్కన స్పానరు పట్టుకొని నిలబడింది నా మనవరాలు స్పందన. నిర్మల కూతురు, ఇరవై ఏడేళ్లది, మెకానికల్ ఇంజనీరింగు చదివింది. అందరికంటే తక్కువ ఆయిలు పడింది ఆమె మీదే. అందరికంటే తెల్లబోయిందీ ఆమే.

విక్రాంత్ బిడ్డ స్నిగ్ధ, నాలుగేళ్లది, చప్పట్లు కొట్టింది.

"ఇంకోసారి తాతా! ఇంకోసారి!"

పోయిన వారం ఈ కథను పాత అంబాసిడర్‌లో కొత్త గుండె కూర్చున్న దగ్గర ఆపాను. కొత్తదంటే కొత్తది కాదు, తుక్కుకు పోయిన ఒక జీపులోంచి తీసిన డీజిల్ ఇంజను. స్పందన నాలుగు నెలలు దానితోనే తిని, దానితోనే మాట్లాడి, దాన్ని ఆ కారులో ఇమిడించింది.

ఈ ఇంట్లో పిల్లలకు అక్షరాభ్యాసం బాసరలోనే జరగాలి. ఇప్పుడు వంతు స్నిగ్ధది. బాసరకు పిల్లలు వెళ్లేది ఈ అంబాసిడర్‌లోనే. లింగారావు తండ్రి పెట్టిన ఆనవాయితీ అది. దానికి తోకలా ఇంకొకటి పెట్టి పోయాడాయన. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇంజను కింద తెల్ల ధోతి పరచాలి. ఇంటిపెద్ద స్టీరింగు ముందు కూర్చోవాలి. కొబ్బరికాయ పగలగానే యాక్సిలరేటరు తొక్కి మూడుసార్లు గట్టిగా రేజు చేయాలి. ఆ తర్వాత పావుగంట ఇంజను నడిచినా ధోతి మీద ఆయిలు చుక్క పడకపోతేనే బండి గేటు దాటాలి.

ఈసారి ఆ ధోతితో పాటు స్పందన బతుకు కూడా పరిచి ఉంది. ఆదిలాబాద్‌లో వీళ్లకు ఒక పాత జిన్నింగు మిల్లు షెడ్డు ఉంది. ధోతి తెల్లగా ఉంటే ఆ షెడ్డు స్పందనది. పాత కార్లకు కొత్త ఇంజన్లు అమర్చే కార్ఖానా అక్కడ పెట్టుకోవచ్చు. మరకైతే షెడ్డు తొమ్మిదేళ్ల లీజుకు భానుప్రసాద్‌ది, పత్తి గోదాముకు. లింగారావు మాట అంటే మాట. అందుకే లీజు కాగితంతో సహా భానుప్రసాద్‌ను పిలిపించి, కారు పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

మొదటి రేజుకు ఇంజను పులిలా గుర్రుమంది. రెండో రేజుకు చూరులో పావురాలు లేచిపోయాయి. మూడో రేజుకు, శబ్దం వినడానికి లింగారావు కిటికీలోంచి తల బయట పెట్టినప్పుడు, టప్పుమని ఏదో ఎగిరింది. తర్వాతి సంగతి ఆయన మీసం చెబుతూనే ఉంది.

"రేజు చెయ్యద్దన్న గద బాపూ!" స్పందన గొంతు అప్పటికి పెగిలింది. "నిన్న రాత్రి చెప్పిన, పొద్దుగాల చెప్పిన. ఇయ్యాల్టికి రేజు చెయ్యకు, మెల్లగ నడువనీయి అని."

"మూడుసార్లు రేజు చేసుడు మా బాపు పెట్టిన పద్ధతి."

"పద్ధతి సరే. పైపుకు తెలువాలె గద!"

"రేజు చేస్తే పేలనీకి అది ఇంజనా, దీపావళి పటాకనా?" లింగారావు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. అది ముఖానికి అంతటా సమంగా పరుచుకుంది. "నాలుగు నెలలు! నాలుగు నెలల సంది ఇంట్ల అన్నం మీద డీజిల్ వాసన. గిదా నువ్వు చేసింది?"

"ఇంజన్‌కు ఏం కాలే బాపూ. ఆయిల్ కూలర్ పైపు ఫిట్టింగు ఊడింది. గంతే."

"గంతేనా?"

"గంతే."

"భానూ," అని పిలిచాడు లింగారావు, కూతురి ముఖంలోంచి చూపు తీయకుండానే. "లోపలికి నడువు."

అప్పుడు నిర్మల ఒక పని చేసింది. హారతి పళ్లెం కింద పెట్టి, వంగి, కారు కింద పరిచిన ధోతిని లాగింది. రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

నిజంగా చెబుతున్నాను, ఆ ధోతి మల్లెపువ్వులా ఉంది. ఆయిలంతా పైకి, పక్కకు లేచి మా మీద పడింది. కిందికి ఒక్క చుక్క దిగలేదు.

"చూడుండ్రి," అంది నిర్మల. "మామగారు పెట్టిన పద్ధతే గద? ధోతి మీద చుక్క ఉన్నదా?"

లింగారావు ధోతి వంక చూశాడు. భార్య వంక చూశాడు. ఆయనకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆ నలుపులో తెలియలేదు.

"నా మొఖం మీద చూడు నిర్మలా," అన్నాడు నెమ్మదిగా. లోపలికి వెళ్లిపోయాడు.

* * *

ఆయిల్ కూలర్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఇంజను లోపల తిరిగి తిరిగి కాగిన ఆయిలు ముందున్న జాలీపెట్టెలోకి పోయి, చల్లబడి, తిరిగి రావాలి. పోవడానికి ఒక పైపు, రావడానికి ఒక పైపు. ఆ పైపుల కొనలకు ఏ ఫిట్టింగులు పెట్టాలన్నదే ఈ ఇంట్లో పది రోజులుగా నడుస్తున్న రామాయణం.

స్పందన చిట్టీ రాసిచ్చింది. పైపు లోపల బొక్క అరంగుళం ఉండాలి. ఇంజను వైపు కొనకు మెడ వంచిన ఫిట్టింగు, కూలర్ వైపు తిన్నటిది. అక్కడ చోటు ఇరుకు కనుక మెడ వంచింది లేకపోతే పైపు నట్టును పక్కకు గుంజుతుంది. చిట్టీ నా చేతిలో పెట్టి, "తాతా, గిది నీకు అక్షరాభ్యాసం అనుకో. ఉన్నది ఉన్నట్టు సదువు, ఉన్నది ఉన్నట్టు తేవాలె," అని చెప్పి షెడ్డు ఊడ్పించడానికి ఆదిలాబాద్ బస్సెక్కింది.

నేను కరీంనగర్ బజార్లో సాల్మన్ దుకాణానికి వెళ్లాను. సాల్మన్ మిషను మీద పైపులకు ఫిట్టింగులు ఒత్తి ఇస్తాడు. వాళ్ల నాయన యేసుదాసు కాలం నుంచీ గుట్టల మీది మిషన్లన్నింటికీ పైపులు ఆ దుకాణంలోనే. చిట్టీ చూసి అతను అరంగుళం పైపు తీశాడు. చేత్తో పట్టుకున్నాను. మెత్తగా, వేలితో నొక్కితే ఒదిగేలా ఉంది.

"గిది పైపా, సేమియానా?" అన్నాను.

"కారుకు గిదే సాలు పెద్దయ్యా."

"గుట్టను చీల్చే మిషన్‌కు ఏస్తరే, రెండు వరుసల ఇనుప తీగ అల్లింది, పావంగుళం బొక్కది. గది తియ్యి."

"చిట్టీల గట్ల లేదు గద?"

"పాప మనసు మార్చుకున్నది."

ఇదిగో, ఇక్కడే. మొదట్లో నేను చెప్పిన నలభై రెండేళ్ల మాట ఇక మరిచిపోండి. ఎగిరిపోయింది నేను తెచ్చిన పైపు కొనన ఉన్న ఫిట్టింగే. దాన్ని బిగించిందీ నేనే. పావంగుళం పైపు నట్టు చిన్నది, ఇంజను మీది రంధ్రం పెద్దది. మధ్యలో ఒక ఇత్తడి తగిలింపు పెట్టాను. వదులనిపిస్తే నల్లాలకు చుట్టే తెల్ల టేపు ఏడు చుట్లు చుట్టాను. మెడ వంచింది కూడా కాదు, తిన్నటిదే. ఇక గుట్టల సంగతి అంటారా, నా చేతి నట్టు ఊడి మూడుసార్లు మేస్త్రీ లుంగీ పాడైంది, ఒకసారి మేస్త్రీయే పాడయ్యాడు. గుట్టలకు నోరు లేదు కనుక నాకు ఇంత పేరు.

నిన్న సాయంత్రం ఆదిలాబాద్ నుంచి వచ్చి పైపు చూడగానే స్పందన ఆగిపోయింది.

"గిదేంది తాతా? నేను రాసింది గిది గాదు గద?"

"సాల్మన్ దగ్గర గిదే ఉన్నది బిడ్డా. ఇంకోటి దొరుకది."

ఆ పిల్ల పైపును కంటి దగ్గర పెట్టుకొని, దుర్బిణిలోంచి చూసినట్టు, ఆ చిన్న బొక్కలోంచి నన్ను చూసింది. పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం. ఇంకో పైపుకు టైము లేదు.

"రేజు చెయ్యకుంటే పావుగంట ఆగుతదేమో," అంది చివరకు. "బాపుకు చెప్త."

ఆ ఒక్క నట్టు నన్ను బిగించనిమ్మని బతిమాలాను. బిగించనిచ్చింది. "బాపుకు తెలువద్దు మరి," అని మాత్రం అంది.

ఎందుకు తెలియకూడదంటే, పోయిన నెల నేను బావి మోటారుకు వైద్యం చేశాను. మోటారు బతకలేదు. అప్పుడు లింగారావు ఇంటిల్లిపాదినీ నిలబెట్టి చెప్పాడు: "మామ చెయ్యి ఇంకో మిషన్ మీద వడ్డదంటే, తెల్లారే మంచిర్యాలల తమ్ముని కొడుకింట్ల దింపొస్త." మా తమ్ముడి కొడుకు సంగతి నాకూ తెలుసు, వాడి ఇల్లూ తెలుసు. అక్కడ నేను పడుకుంటే కాళ్లు గడప బయట ఉంటాయి.

* * *

హాల్లో ఎవరి చోట్ల వాళ్లు కూర్చున్నారు. సోఫాల మీద నిర్మల పాత చీరలు పరిచింది. లింగారావు ముఖం కడుక్కొని వచ్చాడు, చెవుల్లో మాత్రం నలుపు అలాగే ఉంది. నేను గోడవారగా చేతుల కుర్చీలో కూర్చున్నాను. స్పందన కూర్చోలేదు.

"ఏ పైపు పెట్టినవ్?" అన్నాడు లింగారావు.

"పావంగుళంది."

"నువ్వే గద పది రోజుల సంది అరంగుళం, అరంగుళం అని తలకాయ తిన్నది?"

"సాల్మన్ అన్న దగ్గర లేదట."

విక్రాంత్ తల ఎత్తాడు. గుట్ట వ్యాపారం అతనే చూసుకుంటాడు. "సాల్మన్ దగ్గర అరంగుళం లేకపోవుడేంది చెల్లే? మొన్ననే మన లోడర్‌కు అదే తెచ్చిన. దుకాన్ నిండ అదే ఉన్నది."

స్పందన అన్న వంక చూసింది. అక్కడి నుంచి ఆమె చూపు ఎటు తిరుగుతుందో నాకు తెలుసు. నేను సీలింగు ఫ్యాను వంక చూశాను.

"అడుగుదాం," అన్నాడు లింగారావు. ఫోను తీసి, స్పీకరు పెట్టి, టీపాయి మీద ఉంచాడు.

నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్క చెప్పగలను. ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

"వందనాలు సారూ." సాల్మన్ గొంతు హాలంతా నిండింది. వెనక మిషను చప్పుడు. "పాప కారు నడిచిందా? మా ఇంట్ల పొద్దుగాల ప్రార్థనల గూడ తలుసుకున్నం."

"సాల్మన్, నీ దగ్గర అరంగుళం పైపు ఉన్నదా?"

"మస్తున్నది సారూ. ఎన్ని మీటర్లు గావాలె?"

బయట భానుప్రసాద్ నల్లా దగ్గర అంగీ పిండుకుంటున్న శబ్దం వినబడింది.

"మరి మా బిడ్డకు పావంగుళంది ఎందుకిచ్చినవ్?"

"అయ్యో, నేనియ్యలే సారూ. నేను అరంగుళమే తీసిన. పాప మనసు మార్చుకున్నదట గద. గుట్ట మిషన్‌దే గావాలన్నదట."

"నేనా?" అంది స్పందన.

ఆ ఒక్క మాట ఎంత చిన్నగా అందంటే, ఫోను అవతలికి వినబడి ఉండదు. ఆమె ముఖంలో రంగు పోయింది. తండ్రి వైపు చూడలేదు, అన్న వైపు చూడలేదు. నా వైపు తిరిగింది. నేను ఆ పిల్లను నెలల బిడ్డప్పటి నుంచీ ఎరుగుదును. ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూడటం అదే మొదటిసారి.

"ఎవలు చెప్పిండ్రు?" లింగారావు ఫోను మీదికి వంగాడు. "సాల్మన్, పాప మనసు మార్చుకున్నదని నీకు ఎవలు చెప్పిండ్రు?"

నేను లేచి నిలబడ్డాను. నోరు కూడా తెరిచాను.

"మీ ఇంటోల్లే సారూ. మన పెద్ద..."

"నేనే సాల్మన్ అన్నా!"

స్పందన రెండు అంగల్లో వచ్చి ఫోను అందుకుంది. "నేనే చెప్పి పంపిచ్చిన. నేనే మార్చుకున్న. నీ తప్పేం లేదన్నా. మల్ల మాట్లాడుత."

ఫోను ఆపేసి టీపాయి మీద బోర్లా పెట్టింది.

"మరి లేదట అన్నవేంది ఇప్పుడే?" అన్నాడు లింగారావు.

"అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"తప్పు చేసిన గనుక."

నిర్మల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విక్రాంత్ నేల చూశాడు. లింగారావు కూతురిని అలా చూస్తూనే ఉన్నాడు. ఫిట్టింగు ఎగిరినప్పుడు కూడా ఆయన ముఖం ఇలా కాలేదు. పైపు ఊడితే కోపం వస్తుంది. ఈ పిల్ల అబద్ధమాడిందంటే ఏం రావాలో ఆయనకు తెలియలేదు.

"తప్పు చేస్తే ఓర్సుకుంటుంటి," అన్నాడు. "ఇంకోపాలి బిగించుకో అందునేమో. కని సాల్మన్ మీదికి నూకుతవా? నా మొఖం మీద అబద్ధమాడుతవా?"

స్పందన బోర్లించిన ఫోను వంక చూసింది.

"నీకు షెడ్డు అప్పజెప్తే ఏ నమ్మకం మీద అప్పజెప్పాలె?"

"బిడ్డ ఏదో..." అని నిర్మల లేచింది. "జర ఆగుండ్రి. కోపంల సంతకాలేంది?"

"కోపం లేదు నిర్మలా. కోపం వాకిట్లనే అయిపోయింది. భానూ!"

భానుప్రసాద్ తడి అంగీ భుజాన వేసుకొని, విక్రాంత్ ఇచ్చిన టీషర్టులో లోపలికి వచ్చాడు. అది అతనికి బొడ్డు దాకానే వచ్చింది. చేతిలో లీజు కాగితం. కాగితం అనడం మర్యాద కోసం. ఆయిలు పీల్చి అది బజ్జీలు చుట్టి ఇచ్చిన ముక్కలా అయింది.

లింగారావు పెన్ను తీసి ఆనించాడు. పెన్ను జారింది. ఇంకోసారి ఆనించాడు. మళ్లీ జారింది.

"గిట్ల గాదు భావూ, గిట్ల గాదన్నా," అన్నాడు భానుప్రసాద్. "కోర్టు కాడ కొత్తది టైపు చేపిచ్చుకొస్త. నాలుగింటికల్ల ఈడుంట."

"రా. నాలుగింటికి సంతకం చేస్త," అన్నాడు లింగారావు.

గోడ గడియారం పదకొండు కొట్టింది.

* * *

స్పందన వాకిట్లో చాప పరుచుకొని కారు ముందు కూర్చుంది. ఊడిపడిన ఇత్తడి తగిలింపు చేతిలో ఉంది. దాని చుట్టూ నా తెల్ల టేపు పోగులు పోగులుగా వేలాడుతోంది. ఒక్కో పోగూ గోటితో తీస్తోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఎన్ని చుట్లు చుట్టినవ్ తాతా?"

"ఏడు."

"ఏడు," అంది. "పెండ్లా?"

నవ్వుదామనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"గుట్టను చీల్చే పైపు బిడ్డా. గింత గట్టిది ఇంకోటి లేదు. నీ బండికి గట్టిది ఉండాలనే..."

"పైపు పగులలే తాతా. సూడు, పైపు మంచిగనే ఉన్నది. ఇంకో వందేండ్లు ఉంటది." ఆ సన్న బొక్క నా వైపు తిప్పింది. "గుట్ట మీద పంపు ఏనుగు. ఎంత సన్నగున్నా నూకుతది. ఈడ ఇంజన్ పంపు మేక. ఆయిలేమో పొద్దుగాల బెల్లం పాకం లెక్క ఉంటది. గా మేక గీ పాకాన్ని ఈ బొక్కలకెంచి ఎట్ల నూకుతది? బాపు రేజు చేస్తే అంత ఎన్కకు తన్నింది. తన్నితే ఏది వదులుగున్నదో అది ఊడింది."

నలభై రెండేళ్లు మిషన్ల మధ్య బతికాను. ఈ ముక్క ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

"నేనే పోయి చెప్త," అన్నాను. "అల్లునికి నేనే చెప్త."

"వద్దు."

"ఎందుకు వద్దు? నాలుగింటికి..."

"వద్దన్న గద!" తగిలింపును చాప మీద కొట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ తడి లేదు. "నాలుగు నెలల సంది నేను రాసిన ప్రతి కాగితం నీకే ఇచ్చిన. ఇంట్ల ఎవ్వలు నమ్మలే, నువ్వు నమ్మినవనుకున్న. కని నువ్వు గూడ నమ్మలే తాతా. ఆఖరికి నా చిట్టీ నమ్మలే."

"గది గాదు బిడ్డా..."

"గదే. పోయి కూసో. మంచిర్యాలకు పోవుడు నీతోని గాదు. నాకు షెడ్డు పోయింది. నాకు రెండూ పోవద్దు."

ఆ మాట అన్నాక ఇటు తిరిగి చూడలేదు. ఇంకో స్పానరు తీసి, కూలర్ వైపు నట్టు విప్పడం మొదలుపెట్టింది. షెడ్డు పోయిన పిల్ల ఇంకా ఆ నట్టు ఎందుకు విప్పుతోందో నాకు అర్థం కాలేదు.

మూడు దాటింది. గేటు దగ్గర స్కూటరు ఆగిన చప్పుడు. భానుప్రసాద్ ముందే వచ్చాడనుకొని నా ప్రాణం పోయింది. కాదు. సాల్మన్.

అతని భుజానికి రెండు పైపులు చుట్టలుగా వేలాడుతున్నాయి. అరంగుళానివి. ఇంజను వైపు కొనలకు మెడ వంచిన ఫిట్టింగులు, ఎండకు మెరుస్తూ.

"సారు ఉన్నడా పెద్దయ్యా?"

"నిద్రపోతున్నడు," అన్నాను.

"లేపాలె." సాల్మన్ స్కూటరు స్టాండు వేశాడు. అతనికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "పాప ఫోన్ల అన్న మాట విన్న. పొద్దటి సంది మిషన్ మీద చెయ్యి ఆడుతలేదు. మా దుకాన్ల నిలవడి పావంగుళం అడిగింది పాప గాదు. నేను బువ్వ తినే ఇండ్లు ఇవి. అబద్ధంల నన్ను కలుపుకుంటే ఎట్లా?"

"పాపనే చెప్పద్దన్నది సాల్మన్."

"పాప చిన్నది." నా దాకా వచ్చి ఆగాడు. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

వాకిట్లో స్పానరు చప్పుడు ఆగిపోయింది. స్పందన లేచి నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నాకో, సాల్మన్‌కో తెలియలేదు.

లోపలి నుంచి లింగారావు గొంతు వినబడింది. నిద్రపోతున్న గొంతు కాదు.

"ఎవలు వచ్చింది మామా?"

ఇక్కడికి ఈ వారం ఆపుతున్నాను. ఆపే ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించిన ముక్క ఒక్కటే, మిగతాదంతా ఉన్నదున్నట్టే జరిగింది. హాల్లో సాల్మన్ నా పేరు చెప్పబోతుండగా లేచి నిలబడ్డానని రాశాను. నోరు కూడా తెరిచానని రాశాను.

లేవలేదు. నా మనవరాలు రెండు అంగల్లో వచ్చి ఫోను అందుకొని "నేనే" అన్నంతసేపూ, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకొని, ఫ్యాను వంక చూస్తూ కూర్చునే ఉన్నాను.